పెద్ద కత్తెర

పెద్దక్క ఆసుపత్రికి కూడా దుకాణానికి వెళ్ళినట్టే వెళుతుంది. గడ్డం పైకెత్తి, సంచీ చంకన పెట్టుకుని, దారిలో ఎవరి చొక్కా భుజం జారిందో, ఎవరి ప్యాంటు అంచు వంకరపోయిందో చూసుకుంటూ, వాటిని కుట్టిన దర్జీలకి మనసులోనే చీవాట్లు పెట్టుకుంటూ నడుస్తుంది. వెనకాల చిన్నక్క దుప్పటీ, ఫ్లాస్కూ, ఇంకో పెద్ద సంచీ మోసుకుంటూ ఆయాసపడుతూ వస్తుంది. ఇద్దరిలో రోగి ఎవరో చూసేవాళ్ళకి ఒక పట్టాన అంతుచిక్కదు. ఆ సాయంత్రం వార్డు ఆయా చక్రాల కుర్చీ తెచ్చి నేరుగా చిన్నక్క ముందు పెట్టింది.

"నాకు కాదమ్మా, ఆవిడకి," అంది చిన్నక్క.

"నాకూ అక్కర్లేదు. సంచీలు పెట్టు అందులో," అంది పెద్దక్క. సంచీలు దర్జాగా కుర్చీలో కూర్చుని వార్డుకి వెళ్ళాయి.

నిజానికి వీళ్ళు అక్కాచెల్లెళ్ళు కారు, తోడికోడళ్ళు. భర్తలిద్దరూ ఒకే లారీ మీద సరుకు తోలుతూ ఊళ్ళు పట్టుకు తిరుగుతారు. ఇంటి ముందు గదిలో వీళ్ళిద్దరి కుట్టుపని దుకాణం. పెద్దక్క కోస్తుంది, చిన్నక్క కుడుతుంది. అత్తగారు కన్నుమూసేముందు పెద్దకోడలి చేతిలో పెట్టిన పెద్ద కత్తెర ఒకటుంది. దాన్ని పెద్దక్క తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. చిన్నక్కకి దారాలు తెంపుకోవడానికి బుల్లి కత్తెర ఉంది. "ఇరవయ్యేళ్ళ నుంచి నా బతుకు దారాలు తెంపడంతోనే సరిపోయింది," అని ఆవిడ వచ్చిపోయే వాళ్ళందరికీ చెప్పుకుంటుంది. "తిన్నగా కుట్టడం నేర్చుకో ముందు," అని లోపల్నుంచి జవాబు వస్తుంది. ఇద్దరికీ ఒక్క పూట పడదు. అలాగని ఒక్క పూట విడిగా అన్నం తిన్నదీ లేదు.

పెద్దక్కకి పెద్దపేగులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. మళ్ళీ రాకుండా ఉండడానికి కీమో అన్నారు. విడతలవారీగా సాయంత్రం వచ్చి చేరడం, రాత్రంతా మందు ఎక్కించుకోవడం, మర్నాడు ఇంటికి పోవడం. అలా సగం పైగా అయిపోయాయి. పెద్దక్క దీన్ని జబ్బులా చూడలేదు, ఒప్పుకున్న పనిలా చూసింది. అడ్వాన్సు తీసుకున్నాక కోటు మధ్యలో వదిలేసే రకం కాదు ఆవిడ.

మొదటి రోజే పెద్ద డాక్టరు అంతా విడమరచి చెప్పాడు. మందులు రెండు. మొదటిది చిన్న సంచి, నిద్రవేళలోపు ఎక్కేస్తుంది. రెండోది పంపు మీద తెల్లవార్లూ సాగుతుంది. మొదటి దానితో ఒక చిక్కుంది, చేతివేళ్ళ నరాలని అది మొద్దుబారుస్తుంది. "తిమ్మిరి ఎక్కువైతే దాచకుండా చెప్పండమ్మా. ఆ మందు తగ్గిస్తాం, అవసరమైతే ఆపేస్తాం," అన్నాడు. పెద్దక్క చెవిలో మిగిలింది 'తగ్గిస్తాం' ఒక్కటే. గుడ్డ తగ్గితే కోటు అవుతుందా? మందు తగ్గితే ప్రాణం నిలుస్తుందా? ఆ రోజే ఆవిడ ఒట్టు పెట్టుకుంది, ఏమైనా సరే చుక్క తగ్గనివ్వకూడదని.

ఆ వార్డులో రాత్రి డ్యూటీ నర్సుని వీళ్ళిద్దరూ 'గుండీల సిస్టర్' అంటారు. ఆవిడ ప్రతిసారీ మందు తగిలించేముందు అదే మాట అడుగుతుంది.

"వేళ్ళెలా ఉన్నాయమ్మా? గుండీలు పెట్టుకోగలుగుతున్నారా?"

"ఇదిగో," అంది పెద్దక్క. ఆసుపత్రి చొక్కా గుండీలన్నీ విప్పేసి, సిస్టర్ ముఖంలోకే చూస్తూ, కిందకి ఒక్కసారి కూడా కళ్ళు దించకుండా, పైనుంచి కిందదాకా చకచకా పెట్టేసుకుంది.

సిస్టర్ నవ్వింది. "నాకంటే తొందరగా పెట్టేశారు. సరే, రక్తం రిపోర్టు వచ్చింది, బాగానే ఉంది. వాంతులు రాకుండా ఇంజక్షన్ ఇస్తాను. ఈలోపు కిందనుంచి మందు తెస్తారు." మెడ కింద చర్మం లోపల అమర్చిన పోర్టుకి సూది గుచ్చి, సెలైన్ తగిలించి, పక్క వార్డుకి వెళ్ళిపోయింది.

ఇక్కడ మనలో మనం నిజం చెప్పుకోవాలి. పెద్దక్క వేళ్ళకి కొంతకాలంగా ఏమీ తెలియడం లేదు. మొదట్లో కత్తెర ఇనుము తగిలితే కరెంటు కొట్టినట్టు ఝల్లుమనేది, చన్నీళ్ళ గ్లాసు పట్టుకుంటే సూదులు గుచ్చుకునేవి. ఇప్పుడు నిజంగా సూది గుచ్చుకున్నా తెలియదు. గుడ్డ మీద ఎర్రటి చుక్క కనిపిస్తే, ఓహో గుచ్చుకుంది కాబోలు అనుకుంటుంది. గుండీలంటారా, ఆ వేళ్ళు ఎన్ని వేల గుండీలు పెట్టి ఉంటాయి, ఎన్ని వేలు విప్పి ఉంటాయి! వాటికి స్పర్శతో పనేముంది? నిద్రలో కూడా పెడతాయి. ఆ సంగతి పాపం సిస్టర్‌కి తెలియదు. అందరినీ అడిగినట్టే ఈవిడనీ అడిగింది. దర్జీని గుండీ పెట్టమనడం చేపని ఈదమనడమే.

పెద్దక్క విజయగర్వంతో దిండుకి ఆనుకుంది. చిన్నక్క మాత్రం సంచీ జిప్పు తీసింది.

"ఏమిటది?" అంది పెద్దక్క.

"బాకా పెద్దాయన కోటు."

బ్యాండులో బాకా ఊదే పెద్దాయన కుట్టమని ఇచ్చిన నల్ల వెల్వెట్ కోటు అది. వేదిక మీద అందరికంటే ముందు నిలబడే మనిషి.

"ఆసుపత్రికి తెస్తావా దాన్ని? బుద్ధుందా నీకు? మందుల వాసన పడుతుంది. లోపల పెట్టు."

చిన్నక్క లోపల పెట్టలేదు. రెండు చేతుల ముక్కలు తీసి పెద్దక్క కాళ్ళ మీద దుప్పటి పైన పక్కపక్కనే పరిచింది. పైన తెల్లటి ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. ఒక చెయ్యి కాటుకలా నల్లగా ఉంది. రెండోది బూడిద చల్లినట్టు వెలవెలబోతోంది.

వెల్వెట్‌కి పైన నూగు ఉంటుంది. ఆ నూగు ఒక వైపుకే వాలి ఉంటుంది. వాలు వెంట నిమిరితే చెయ్యి జారిపోతుంది, ఎదురు నిమిరితే అడ్డం పడుతుంది. కోటులో ముక్కలన్నిటికీ నూగు ఒకే వైపు ఉండాలి. ఒక్క ముక్క తలకిందులైనా అది వేరే గుడ్డలా కనిపిస్తుంది. ఏ దర్జీ అయినా కోసేముందు అరచేత్తో ఒకసారి నిమిరి వాలు చూసుకుంటాడు. పెద్దక్క కూడా నిమిరింది. రోజూ చేసే పనే కదా అని చెయ్యి నిమిరింది, కత్తెర కోసింది. నూగు చేతికి ఏమీ చెప్పకపోయినా, వాలు తెలిసిందనే అనుకుంది ఆవిడ.

"ఆయన బాకా ఊదేటప్పుడు రెండు చేతులూ ఒకేసారి పైకెత్తుతాడక్కా," అంది చిన్నక్క. "జనం కళ్ళెదుట ఒకటి నలుపు, ఒకటి బూడిద."

"ఈ లైట్లే అంత. ఇంట్లో చూస్తే అలా ఉండదు."

"ఇంట్లోనూ చూశాను."

చిన్నక్క సంచీలోంచి మూడో చెయ్యి తీసింది. బూడిదరంగు ముక్క తీసేసి దాని చోట పెట్టింది. రెండూ కాటుకే.

పెద్దక్క చాలాసేపు చూసింది. అంచు నీటుగా ఉంది. చంక దగ్గర ఒంపు తిరగవలసిన చోటే తిరిగింది.

"ఎవరు కోశారిది?"

"నేనే."

"దేంతో?"

"దారాలు తెంపే దాంతో వెల్వెట్ కోస్తారా?"

పెద్దక్కకి ఒళ్ళు మండిపోయింది. మెడ కింద సెలైన్ గొట్టం లేకపోతే లేచి కూర్చునేదే. "నా కత్తెర ముట్టుకున్నావా? నేను బతికుండగానే?"

"మెల్లిగా మాట్లాడు, జనం పడుకున్నారు. ముట్టుకున్నాను. నువ్వు నిద్రపోయాక ముట్టుకున్నాను, దొంగలా. అంచు తగిలి నా బొటనవేలు కూడా తెగింది, చూడు." నిజంగానే బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. "నాకు తెలిసింది కదా తెగినట్టు? నీకెందుకు తెలియడం లేదు? తెల్లచొక్కా మీద నెత్తురు మరకలు ఎవరు ఉతుకుతున్నారనుకున్నావు? నువ్వు కింద పడేసుకునే గుండుసూదులు ఎవరు ఏరుతున్నారనుకున్నావు?"

ఇన్నాళ్ళూ తను ఒక్కతే మోస్తున్నాననుకున్న బరువుకి రెండో కొస ఎవరో పట్టుకునే ఉన్నారని తెలిస్తే ఎవరికైనా ముందు సిగ్గేస్తుంది. ఆవిడకీ సిగ్గేసింది. సిగ్గేస్తే ఆవిడకి కోపం వస్తుంది.

"ఆ సిస్టర్‌కి చెప్పావంటే జన్మలో నీ ముఖం చూడను."

"ఇరవయ్యేళ్ళు చూసి ఏం ఒరగబెట్టావులే."

"మందు తగ్గిస్తారే! తగ్గిస్తే అది మళ్ళీ వస్తుంది. నేను పోతాను. అర్థమవుతోందా నీకు?"

"చేతులు పోతే బతుకుతావా నువ్వు?" అంది చిన్నక్క. "నీ సంగతి నాకు తెలియదా? కత్తెర పట్టలేని రోజున నువ్వు ఆ గదిలోకి అడుగు పెట్టగలవా? నేను చెప్పను. చెబితే నేనేదో కత్తెర కోసం కాచుక్కూచున్నానంటావు. నువ్వే చెప్పు, నీ నోటితో." ఫ్లాస్కు అందుకుంది. "వేణ్ణీళ్ళు తెస్తాను."

విసవిసా వెళ్ళిపోయింది. చెప్పులు నడవా చివరిదాకా టపటపమన్నాయి.

పెద్దక్క బూడిదరంగు ముక్కని దగ్గరికి లాక్కుంది. కళ్ళు మూసుకుని అరచేత్తో పైకి నిమిరింది, కిందకి నిమిరింది. చలికాలం మందపాటి చేతితొడుగు తొడుక్కుని నిమిరినట్టు ఉంది. మళ్ళీ నిమిరింది. వేలికొసతో, గోటితో, మణికట్టుతో. గుడ్డ ఏమీ చెప్పలేదు. గుడ్డ ఆవిడతో మాట్లాడకపోవడం అదే మొదటిసారి కాదు. ఒప్పుకోవడం మాత్రం మొదటిసారి.

ఆవిడకి భయమేసింది. చావంటే భయం మొదటినుంచీ ఉన్నదే, దానికి అలవాటు పడింది. ఇది వేరే భయం. ఈ రాత్రి ఆ సంచి ఎక్కించుకుంటే చేతులు పూర్తిగా పోతాయేమో. ఎక్కించుకోకపోతే ప్రాణం పోతుందేమో. ఎటు కోసినా తప్పేనా అని అడగడానికి అత్తగారైనా లేదు.

గుండీల సిస్టర్ మందు తెచ్చింది. సంచి మీద పేరు చదివింది, పెద్దక్క మణికట్టు పట్టీ మీద పేరుతో పోల్చి చూసుకుంది. కొక్కేనికి తగిలించింది. ట్యూబు మూత విప్పింది.

"ఆగమ్మా," అంది పెద్దక్క.

"ఏమైంది? కడుపులో తిప్పుతోందా?"

"నాకు వేళ్ళు తెలియడం లేదు."

సిస్టర్ చెయ్యి ఆగింది. "ఏ వేళ్ళు? ఇప్పుడేగా గుండీలు పెట్టారు?"

"నేను దర్జీని తల్లీ. చచ్చాక కూడా పెడతాను గుండీలు."

సిస్టర్ ట్యూబు మూత మళ్ళీ బిగించింది. ముఖంలో నవ్వు పోయింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"పోయినసారి ముందు నుంచే."

"అంటే పోయినసారి కూడా నాతో అబద్ధం చెప్పారా? మీరు చూపించిందే నేను రాశాను. ఆ రాసింది చూసే కదా మందు ఎంతివ్వాలో డాక్టర్లు లెక్క కట్టేది? నన్ను మోసం చేస్తే నాకేం పోదు. పోయేది మీకే." మామూలుగా మెత్తగా మాట్లాడే మనిషి. గట్టిగా మందలించేసరికి పెద్దక్క బడిపిల్లలా తల దించుకుంది. సిస్టర్ సంచి తీసి పక్కన పెట్టి డ్యూటీ డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. "కళ్ళు మూసుకోండి. నేను ముట్టుకున్నప్పుడల్లా చెప్పండి," అని పెద్దక్క చేతులు తన ఒళ్ళో పెట్టుకుంది.

పెద్దక్క కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. ఎక్కడో పంపు టిక్కుటిక్కుమంటోంది. ఎవరో దగ్గారు. చాలాసేపు ఎదురుచూసి, ఇక ఉండబట్టలేక, "మొదలుపెట్టండి డాక్టరుగారూ," అంది.

"అయిపోయిందమ్మా," అంది డాక్టరమ్మ. "దూదితో చూశాను, పిన్ను మొనతో కూడా చూశాను."

ఆ మాట విని పెద్దక్క కళ్ళు వెంటనే తెరవలేదు. మూసిన రెప్పల కిందనుంచే నీళ్ళు వచ్చాయి. తలుపు దగ్గర చిన్నక్క ఫ్లాస్కుతో నిలబడిపోయి ఉంది. లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు.

డాక్టరమ్మ పెద్ద డాక్టరుతో ఫోన్లో మాట్లాడి వచ్చింది. "ఈ రాత్రి మొదటి మందు ఇవ్వం. రెండోది పూర్తిగా ఎక్కుతుంది. అసలు బలం దానిదే. ఈ మొదటిది కూడా ఇన్ని విడతలు తీసుకున్నారు కదా, అది చేయాల్సిన పని చాలావరకు చేసేసింది. ఇప్పుడు ఆపడం ఓడిపోవడం కాదు."

"మళ్ళీ వస్తుందా స్పర్శ?"

"కొందరికి కొన్ని నెలలకి వస్తుంది. కొందరికి కొంతే వస్తుంది. మీకెంత వస్తుందో ఇప్పుడు చెప్పలేను. ఇది ఇంకా ఎక్కించి ఉంటే మాత్రం ఆ కాస్త ఆశ కూడా ఉండేది కాదు."

తీపిమాటలు చెప్పనందుకు పెద్దక్కకి ఆవిడ మీద గౌరవం కలిగింది. కొలత ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషంటే ఆవిడకి ఎప్పుడూ గౌరవమే. "సరే. రెండోది తగిలించండి. దాంట్లో మాత్రం చుక్క తగ్గడానికి వీల్లేదు," అంది.

"తగ్గించం," అంది డాక్టరమ్మ.

పంపు మొదలైంది. చిన్నక్క వచ్చి మంచం పక్క బల్ల మీద కూర్చుంది. కాసేపటికి పెద్దక్కకి నోరంతా ఇనుము నాకినట్టయింది, కడుపులో దేవింది. చిన్నక్క గిన్నె పట్టుకుంది, నుదురు పట్టుకుంది, మూతి తుడిచింది, వేణ్ణీళ్ళు పుక్కిలించమంది. రెండోసారి కూడా అంతే. మూడోసారికి పెద్దక్క గిన్నె తన చేతుల్లోకి లాక్కుంది.

"ఇటివ్వు. నా వాంతి నేను పట్టుకోగలను."

"పట్టుకో మరి. జారిపడితే నువ్వే తుడువు."

"కక్కితే కక్కాను. మందు మాత్రం లోపలికి పోతోందిగా," అంది పెద్దక్క ఆయాసపడుతూ. "పోనీ. మొత్తం పోనీ. ఎన్నిసార్లు కక్కిస్తుందో కక్కించనీ. ఇంకెన్ని విడతలున్నా వస్తాను. వచ్చి ఈ మంచం మీదే పడుకుంటాను. పేగులో మొలిచినదానికి నేను భయపడి ఇల్లు ఖాళీ చేస్తానా?"

చిన్నక్క నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతుంటేనే ఏడుపొచ్చింది. పెద్దక్క చూడనట్టు నటించి దుప్పటి సర్దుకుంది.

కడుపు కాస్త కుదుటపడ్డాక పెద్దక్క కళ్ళు వెల్వెట్ మీదికి పోయాయి. "కాలరు కోశావా?"

"లేదు. మిగిలింది ఈ ఒక్క ముక్కే. చెయ్యి కోసేటప్పుడు అటూ ఇటూ తిప్పాను, ఎటు పైకో ఇప్పుడు తెలియడం లేదు. కుట్టీ కుట్టీ నా వేళ్ళు కూడా కాయలు కాశాయి. చేతి ముక్క పెద్దది కాబట్టి నల్లదాని పక్కన పెట్టి కంటితో పోల్చుకున్నాను. ఇంత చిన్నదాంట్లో తేడా కంటికి ఆనడం లేదు."

"కత్తెరేది?"

చిన్నక్క కిందకి చూసింది. సంచీ అడుగునుంచి తువ్వాలులో చుట్టిన పెద్ద కత్తెర తీసి పెద్దక్క పక్కన పెట్టింది.

"ఆసుపత్రికి కత్తెర తెచ్చావా! సిస్టర్ చూస్తే ఇద్దరినీ బయటికి గెంటుతుంది."

"ఒంటరిగా ఇంట్లో వదల్లేకపోయాను," అంది చిన్నక్క. "నువ్వూ లేవు, నేనూ లేను. దానికి ఎవరున్నారు?"

పెద్దక్క వెల్వెట్ ముక్క అందుకుంది. అలవాటుగా అరచెయ్యి పైకి పోయింది, నిమిరింది, ఆగింది. చేతిని ఒకసారి తేరిపార చూసుకుంది. ఇన్నేళ్ళూ అన్నం పెట్టిన చెయ్యి. దాన్ని మెల్లిగా దుప్పటి మీద పెట్టేసింది. తర్వాత ఆ ముక్కని ముఖం దగ్గరికి తెచ్చి చెంప మీద పైనుంచి కిందకి లాగింది. కిందనుంచి పైకి లాగింది.

మళ్ళీ లాగింది.

"తెలుస్తోందే," అంది. "చెంపకి తెలుస్తోంది. ఇటు జారుతోంది, ఇటు గరగరలాడుతోంది. ఇదిగో, ఇది పైకి. సుద్ద తియ్యి, బాణం గియ్యి."

చిన్నక్క బాణం గీసింది. ముక్కని తీసుకెళ్ళి ట్యూబుకీ పంపుకీ దూరంగా, తను పడుకునే బల్ల మీద పరిచింది. కాగితం నమూనా దాని మీద పెట్టి, గుండుసూదులు గుచ్చింది. బుల్లి కత్తెర కోసం సంచీలో చెయ్యి పెట్టబోయింది.

"దారాలు తెంపే దాంతో వెల్వెట్ కోస్తారా?" అంది పెద్దక్క.

తువ్వాలు విప్పి పెద్ద కత్తెరని పిడి అటు తిప్పి, మొన తనవైపు పెట్టుకుని చాపింది. అత్తగారు తనకిచ్చినప్పుడూ అలాగే ఇచ్చింది. ఇనుము చల్లగా ఉందో లేదో వేళ్ళకి తెలియలేదు. బరువు మాత్రం మోచేతి దాకా తెలిసింది. ఆ బరువుని అటు నుంచి చిన్నక్క అందుకోవడం కూడా తెలిసింది.

చిన్నక్క కత్తెర తెరిచి గుడ్డ అంచున పెట్టి ఆగిపోయింది. "అక్కా, తప్పు కోస్తే? ఇంక ముక్క లేదు."

"కొత్త గుడ్డ తెప్పిస్తాను. మళ్ళీ కోస్తావు. మళ్ళీ తప్పు కోస్తే మళ్ళీ తిడతాను," అంది పెద్దక్క, దిండు సర్దుకుని, కళ్ళు గుడ్డ మీంచి తిప్పకుండా. "నేనెక్కడికీ పోవడం లేదు. కొయ్యి."